మార్క్ 3 కారుకు మార్క్ 2 మొహం: పాత బండ్ల ప్రశ్నలకు మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది చెన్నై కొళత్తూరు. మా నాన్నగారు రెడ్‌హిల్స్‌లో బియ్యం వ్యాపారం చేస్తున్న రోజుల్లో, 1991లో, ఒక 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇప్పటికీ బండి బాగానే నడుస్తోంది. మా అమ్మానాన్నల పెళ్ళి 1973లో గూడూరులో జరిగింది. ఊరేగింపు కారు మార్క్ 2. ఆ సన్నగళ్ల గ్రిల్ ముందు ఇద్దరూ నిలబడి తీయించుకున్న ఫోటో మా హాల్లో ఉంది. వచ్చే వైశాఖంలో వాళ్ళిద్దర్నీ అలాంటి మొహం ఉన్న కార్లోనే గూడూరు తీసుకెళ్ళాలని నా కోరిక. పుదుపేట పాత విడిభాగాల బజార్లో మార్క్ 2 గ్రిల్ దొరికింది. కోయంబత్తూరు నుంచి మార్క్ 1 డింపుల్ బానెట్ (మీద గుంటలున్నది) తెప్పించాను. ఇండికేటర్లకు మార్క్ 4వి కొత్తవి కొన్నాను. తీరా బిగించి చూస్తే బానెట్ ఎడమ మూల, అద్దం దగ్గర, వేలు మందం పైకి లేస్తోంది. ముందు ముక్కు గ్రిల్ పై అంచుకు తగులుతోంది. ముక్కు అర అంగుళం కోసి వెల్డింగ్ పెడితే సరిపోతుందని మా టింకర్ అంటున్నాడు. కోయించమంటారా? గ్రిల్‌కు క్రోమ్ ఇప్పుడే చేయించాలా, తర్వాతా?

జవాబు: కోయించకండి బాబూ. ఉత్తరం చదవగానే నాకు కంగారు పుట్టింది. పత్రిక అచ్చయి మీ చేతికి వచ్చేలోపు ఆ పని జరిగిపోతుందేమోనని ఆఫీసువాళ్ళ చేత మీకు ఫోన్ చేయించాను. ఇంకా కోయలేదన్నాక మనసు కుదుటపడింది.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో ముందు వినండి. 1986లో నాకు ఇరవై రెండేళ్ళు. పుదుపేటలో కూవం ఒడ్డు వైపు సందులో ఒక షెడ్డులో పని. మార్క్ 1 అంబాసిడర్ ఒకటి వచ్చింది. పాత కారును కొత్తదానిలా కనిపించేట్టు చెయ్యమన్నది ఓనరు కోరిక. అప్పట్లో అందరికీ మార్క్ 4 గ్రిల్ మీదే మోజు. మా ఉస్తాద్ ఊళ్ళో లేడు. గ్రిల్ పట్టడం లేదని నేను ఆ డింపుల్ బానెట్ ముక్కును ఉలితో ముప్పావు అంగుళం మేర కొట్టేసి, అంచు మడిచి, బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతికే పని) పెట్టేశాను. చూడ్డానికి బాగానే కుదిరింది. రెండ్రోజుల తర్వాత ఉస్తాద్ వచ్చాడు. తిట్టలేదు. నేను మడిచిన అంచు మీద బొటనవేలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి నడిపించి, "గ్రిల్ కోసుంటే ఇంకోటి కొనేవాళ్ళం కదరా" అన్నాడు. అంతే. ఇరవై ఏళ్ళు దాటాక ఆ ఓనరు మనవడు అదే కారును మళ్ళీ అసలు రూపానికి తేవాలని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరం కలిసి సేలం దాకా తిరిగాం. తిన్నగా ఉన్న డింపుల్ బానెట్ ఒక్కటీ దొరకలేదు. ఆ అబ్బాయి మొహం నాకింకా గుర్తుంది.

అప్పటినుంచి నా చేతి కింద పని నేర్చుకున్న ప్రతి పిల్లవాడికీ చెబుతాను: రెండు వస్తువులు ఒకదానికొకటి పట్టకపోతే కోత ఎప్పుడూ బజార్లో మళ్ళీ దొరికే దాని మీదే పెట్టాలి. మీ దగ్గరున్నవాటిలో మళ్ళీ దొరకనిది ఆ బానెట్టే. దాని తర్వాత గ్రిల్. రెండు అంగుళాల పట్టీ రేకు, నాలుగు బోల్టులు, వాషర్లు ఎక్కడైనా దొరుకుతాయి. సర్దుబాటంతా వాటితోనే జరగాలి.

ఇక మీ బానెట్ సంగతి. మూల లేవడం, ముక్కు తగలడం రెండు జబ్బులని మీ టింకర్ అనుకుంటున్నాడు. నాకు ఒక్కటే జబ్బు కనిపిస్తోంది. అంబాసిడర్ బానెట్ కీళ్ళు వెనక, అద్దం దగ్గర ఉంటాయి. ఏళ్ళ తరబడి నూనె చుక్క పడకపోతే కీలు బిగుసుకుపోతుంది. బానెట్ దించేటప్పుడు మనం ముందు నుంచి నొక్కుతాం, కీలేమో తిరగనంటుంది, మధ్యలో రేకు ఒంగుతుంది. ఆ ఒంపు వల్లే వెనక మూల లేస్తుంది. వెనక లేచిందంటే ముక్కు ముందుకు జరిగి కిందికి దిగుతుంది, గ్రిల్‌కు తగులుతుంది. వెనక సర్దితే ముందు దానంతట అదే సర్దుకోవచ్చు.

ఇది తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కారుతో వచ్చిన మార్క్ 3 బానెట్ పారేయలేదు కదా? దాన్ని తిరిగి అదే కీళ్ళకు బిగించండి. అది చక్కగా కూర్చుంటే కారు ఒళ్ళు తిన్నగా ఉన్నట్టు, దోషం కోయంబత్తూరు బానెట్‌ది. అది కూడా ఎడమ మూల లేస్తే కీలైనా పాడయ్యుండాలి, ఎప్పుడో ముందు దెబ్బ తగిలి కారు ముందు భాగమైనా పక్కకు లాగి ఉండాలి. అప్పుడు దారం తీయండి. కుడి కీలు బోల్టు నుంచి ఎడమ హెడ్‌లైట్ గిన్నె దగ్గర ఒక గుర్తు దాకా, మళ్ళీ ఎడమ కీలు నుంచి కుడి హెడ్‌లైట్ దగ్గర అదే గుర్తు దాకా కొలవండి. రెండు దారాలూ దాదాపు సమానంగా రావాలి. ఆరేడు మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే వాషర్లతో నెగ్గుకు రావచ్చు. అర అంగుళం తేడా వస్తే ముందు దెబ్బ తగిలిన బండి అది. లాగి సరిచేసే షెడ్డుకు తీసుకెళ్ళాలి, అప్పటిదాకా కొత్త రేకులేవీ బిగించకండి. అంబాసిడర్‌కు కింద లారీలాగా విడి ఫ్రేము లేదు, ఒళ్ళే ఫ్రేము. అది వంకరగా ఉంటే పైన ఎన్ని రేకులు మార్చినా ఆ వంకర ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

కోయంబత్తూరు బానెట్‌ను కూడా దుప్పటి పరిచి బోర్లా పెట్టి, మూల నుంచి మూలకు ఇలాగే దారంతో చూడండి. మెలిక ఉంటే చెక్క సుత్తి, ఇసుక సంచి తెలిసిన మనిషి అరపూటలో తీసేస్తాడు. గ్యాస్ వెల్డింగ్ మంట మాత్రం దగ్గరికి రానివ్వకండి. పల్చటి రేకు వేడికి అలలు తేలుతుంది. ఆ అలలను పుట్టీతో కప్పుతారు. చెన్నై ఎండకూ వానకూ ఆ పుట్టీ రెండేళ్ళలో పగుళ్ళు చూపిస్తుంది.

బిగించే వరస చెబుతాను. చాలామంది గ్రిల్ ముందు బిగించి మిగతావి దానికి పట్టేట్టు సర్దుతారు. కళ్ళు మొదట అక్కడికే పోతాయి కాబట్టి అలా అనిపిస్తుంది. కారులో కదలనిది తలుపు స్తంభం. ముందు తలుపు సరిగా పడుతోందా చూడండి. తలుపును చూసి ఫెండరు, ఫెండరును చూసి బానెట్, అన్నిటి తర్వాత గ్రిల్. బోల్టులన్నీ చేత్తో తిరిగేంత వదులుగా పెట్టి, సందులు చూసుకుంటూ కొంచెం కొంచెంగా బిగించుకురావాలి. సందు కొలవడానికి నేను రెండు అగ్గిపుల్లలు పక్కపక్కన పెట్టి దూరుస్తాను. దాదాపు 4 మిల్లీమీటర్లు. అన్నిచోట్లా కచ్చితంగా అంతే రావాలని పట్టుబట్టకండి, ఈ కార్లు ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచే అంత సమానంగా వచ్చేవి కావు. ఎడమకూ కుడికీ ఒకేలా ఉంటే చాలు. కన్ను పట్టేది రెండు పక్కల మధ్య తేడానే.

ఇంకో మాట. బానెట్ పూర్తిగా మూసే ముందు ఎయిర్ క్లీనర్ మీద, రేడియేటరు మూత మీద చపాతీ పిండి ముద్దలు నిమ్మకాయంత పెట్టండి. పైన తడి బట్ట ముక్క కప్పి బానెట్ నెమ్మదిగా దించి, మళ్ళీ ఎత్తి, ముద్ద ఎంత మందాన మిగిలిందో చూడండి. వేలి మందం మిగిలితే భయం లేదు. అప్పడంలా అణిగిపోతే ఇంజను ఊగినప్పుడు రేకుకు కొట్టుకుంటుంది. మా ఇంట్లో దీని గురించి ఏమీ అనరు, పిండి అడిగితే ఏ కారు వచ్చిందని అడుగుతారంతే. మీది పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనే అయ్యుంటుంది కాబట్టి ఇబ్బంది రాకపోవచ్చు. కానీ 1990లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజను కార్లకు పాత బానెట్ వేసుకునేవాళ్ళు ఈ పరీక్ష చేయకుండా మూయొద్దు.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మార్క్ 1 బానెట్, మార్క్ 2 గ్రిల్, మార్క్ 4 ఇండికేటర్లు, కింద మార్క్ 3 బంపరు. ఇన్ని కలిపితే అది ఏ సంవత్సరం మొహమూ కాదు. 1957 నుంచి 2014 దాకా అంబాసిడర్ తలుపులు, పైకప్పు పెద్దగా మారలేదు. అందుకే ఏ ఏడు భాగాలైనా ఏదో ఒక విధంగా పట్టేస్తాయి. పట్టినంత మాత్రాన కలిసిపోవు. మార్క్ 3 1975లో, మార్క్ 4 1979లో వచ్చాయి, ప్రతిసారీ గ్రిల్, దీపాలు ఒకదాన్ని చూసి ఒకటి గీసుకున్నారు. మీకు కావలసింది పెళ్ళి ఫోటోలోని మొహం. ఇక ఆ ఫోటోనే మీ డ్రాయింగ్. ఫ్రేములోంచి తీసి, మంచి స్కాన్ చేయించి, పెద్దది చేసి షెడ్డు గోడకు అంటించండి. అమ్మగారి భుజం పక్కన బానెట్ ఎంత కనిపిస్తే అంత చూడండి. గుంటలున్నాయా, నున్నగా ఉందా? ఇండికేటరు అద్దం గుండ్రమా, పలకా? బంపరు మీద నిలువు కొమ్ములున్నాయా? అందులో ఏముంటే అదే వెతకండి. బానెట్ నున్నగా ఉంటే మీ మార్క్ 3 బానెట్టే సరిపోవచ్చు. అప్పుడు ఆ డింపుల్ బానెట్‌ను మార్క్ 1 ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వండి. దానికోసం తిరిగేవాళ్ళు ఉంటారు. ఆ మార్క్ 4 ఇండికేటర్లు మాత్రం వెంటనే వెనక్కిచ్చేయండి.

గ్రిల్ బోల్టు రంధ్రాలు కలవకపోతే గ్రిల్‌కు కొత్త రంధ్రం వేయకండి, కారు ముందు రేకుకూ వేయకండి. 18 గేజి రేకు పట్టీలను ఎల్ ఆకారంలో వంచి, ఒక చివర కారుకున్న పాత రంధ్రానికి, రెండో చివర గ్రిల్‌కున్న పాత రంధ్రానికి బిగించండి. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క వాషరులా కోసి వేస్తే గడగడ శబ్దం రాదు. రేపు ఎవరైనా మార్క్ 3 గ్రిల్ మళ్ళీ పెట్టాలనుకుంటే నాలుగు పట్టీలు విప్పితే అయిపోవాలి.

క్రోమ్ చివర్లో. బిగించి, విప్పి, మళ్ళీ బిగించి, ఇక వంచే పనేమీ లేదని తేలాకే ప్లేటింగుకు ఇవ్వాలి. ప్లేటింగ్ అయ్యాక వంచితే పొర లేస్తుంది. ఇచ్చే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనుము. అతుక్కోకుండా, గీస్తే పసుపు కనిపిస్తే ఇత్తడి. ఆ రెండూ మళ్ళీ ప్లేటింగ్ చేయించదగ్గవే. అతుక్కోకుండా, బూడిద రంగులో, మీద పొక్కులు పొక్కులుగా ఉంటే మజాక్ అనే జింకు మిశ్రమం పోత. పొక్కులు లోపలికి తినేసి ఉంటాయి, సానపడితే గుంటలు తేలతాయి. అలాంటి బ్యాడ్జీలను ఉన్నవున్నట్టు శుభ్రం చేసి పెట్టుకోవడమే మంచిది.

ప్లేటింగ్ అంటే క్రోమ్ ఒక్కటే అనుకుంటాం. పైన కనిపించే క్రోమ్ పొర మైక్రానులో కొంత భాగమే ఉంటుంది. ఆ మెరుపుకు లోతునిచ్చేదీ, ఇనుమును తుప్పు నుంచి కాపాడేదీ దాని కింద ఉన్న నికెలు. నికెలు కింద రాగి. రాగి పట్టించాక దాన్ని సానపట్టి గీతలు తీస్తారు. పని చవగ్గా చేసేవాళ్ళు ఎగరగొట్టేది రాగి, నికెలు పొరలనే. బయటికి వచ్చిన రోజు అన్నీ ఒకేలా మెరుస్తాయి. ఐప్పసి (తమిళుల అక్టోబరు, నవంబరు నెల), కార్తీక వానలు దాటాక సముద్రపు గాలికి ఏది ఏదో తెలుస్తుంది. అందుకే రాగి అయిన తర్వాత ఒకసారి, నికెలు అయిన తర్వాత ఒకసారి వెళ్ళి కళ్ళారా చూస్తానని ముందే చెప్పండి. నిజాయితీగా చేసేవాళ్ళు ఏమీ అనుకోరు.

హెడ్‌లైట్లు మీవే ఉంచండి, 7 అంగుళాల గుండ్రటివి ఏ ఏడుకైనా అవే. లోపల హాలోజన్ వేయించుకుంటే మాత్రం రిలే (స్విచ్చి బదులు ఆ కరెంటును మోసే చిన్న పెట్టె) పెట్టించండి. 60/55 వాట్ల బల్బులు రెండు కలిస్తే పది ఆంపియర్ల దాకా లాగుతాయి. నలభై ఏడేళ్ళు దాటిన స్విచ్చి గుండా అంత కరెంటు పోతే డాష్‌బోర్డు వెనక వైరు కరుగుతుంది. ఫాగ్ లైట్లు గ్రిల్ ముందు వరసగా పెట్టకండి. వైశాఖం అంటే కర్తరి ఎండలు. గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట మీదుగా గూడూరు దాకా 140 కిలోమీటర్ల దారి. ఆ గళ్ళలోంచి వచ్చే గాలే మీ రేడియేటరుకు దిక్కు. సన్నగళ్ళ గ్రిల్ వెనక దోమల జాలీ కూడా కొట్టిస్తారు కొందరు, పురుగులు రాకుండా. ఈ ఒక్క ప్రయాణానికి అది వద్దు.

బయల్దేరే ముందు బానెట్ తాళం సంగతి. ముందు కొక్కెంతో పాటు రెండో రక్షణ కొక్కెం ఉంటుంది. వేర్వేరు ఏళ్ళ బానెట్, తాళం కలిపినప్పుడు ఆ రెండోది అందకపోవచ్చు. మొదటి కొక్కెం విప్పి, చేత్తో బానెట్ పైకి లాగి చూడండి. రెండోది పట్టి ఆపాలి. ఆపకపోతే కారు రోడ్డెక్కకూడదు. హైవే మీద బానెట్ లేచి అద్దం మీద పడితే ముందు ఏమీ కనపడదు, వెనక సీట్లో అమ్మానాన్నలుంటారు.

ప్రశ్న: మా తాతగారి 1964 కారు ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలనుకుంటున్నాం. ముందు భాగం కొంచెం మార్చుకున్నాక చేయించవచ్చా? (పల్లావరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు మారిస్తే తర్వాత చిక్కే. 2021లో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన సొంత వాడకం రెండు, నాలుగు చక్రాల బండ్లకు ఆ గుర్తింపు ఇస్తారు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కొత్తగా చేయించడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు 5,000. బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు అన్నది అందులో ముఖ్యమైన షరతు. బోల్టులతో బిగించి విప్పగలిగే గ్రిల్ వేరు, రేకు కోసి అతికిన ముక్కు వేరు.

ఇంకో షరతును చాలామంది చదవరు. వీఏ నంబరు వచ్చాక ఆ బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ మాత్రమే బయటికి తీయాలి. ఆదివారం ఆదివారం కపాలీశ్వరుడి గుడికి తాతగారి కార్లోనే వెళ్ళాలని ఉంటే మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకుంటూ ఉండండి. నేనైతే అదే చేస్తాను. కారు తిరుగుతూ ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది.

మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకూ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రంగు మార్చారా, ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీలో రాయించాలి. ఇంజను మార్చాలంటే ముందే అనుమతి. కొళత్తూరు బాబుకు కూడా ఈ మాట చెబుతున్నాను. మీ 1978 కారుకు 2028లో 50 నిండుతాయి. ఆ రోజు ఏ దారి ఎంచుకున్నా చేతిలో ఉండేలా మార్క్ 3 గ్రిల్, బానెట్, దీపాలు అన్నీ నూనె గుడ్డతో తుడిచి, గోనె చుట్టి, అటక మీద దాచండి. చాసిస్ నంబరు ఉన్న పలకను ఎవరినీ విప్పనివ్వకండి, దాని మీద రంగు కొట్టనివ్వకండి.

ప్రశ్న: అన్నా, మేం బెంగళూరు మల్లేశ్వరంలో ఉంటాం. మా మామగారి ప్రీమియర్ పద్మిని 1984ది. దానికి 1960ల నాటి ఫియట్ 1100 డిలైట్ గ్రిల్ పెట్టాలని ఆయన కోరిక. ఆయనకు నడుం నొప్పి, జేసీ రోడ్డులో దుకాణాలన్నీ తిరగలేరు. నేను వెళ్ళి తేగలనా? ఏం చూసి కొనాలి?

జవాబు: తప్పకుండా తేగలవు తల్లీ. నువ్వు కొలత తీసుకుని వెళితే దుకాణంవాడు ఏ మాటా చెప్పలేడు. కొలత అంటే టేపు కొలత కాదు. ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి విప్పి, ఇప్పుడున్న గ్రిల్ తీసేసిన తర్వాత మిగిలిన నోటి మీద పెట్టి, అంచు వెంట పెన్సిలుతో గీసి కత్తిరించు. బోల్టు రంధ్రాలు వచ్చేచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి సూదితో పొడువు. అట్ట మీద ఎడమ, కుడి, పైన అని రాసుకో. దుకాణంలో గ్రిల్‌ను ఆ అట్ట మీద పరిచి చూడు. అంచు అర సెంటీమీటరు అటూ ఇటూ అయినా తీసుకోవచ్చు. గ్రిల్ మధ్యలో ఒంగి ఉంటే మాత్రం వద్దు. రెండు చివరలూ నేలకు ఆనించి కంటికి దగ్గరగా పెట్టి చూస్తే ఒంపు తెలుస్తుంది. ఈ కార్లు 1964లో డిలైట్‌గా మొదలై పద్మినిగా 2000 ప్రాంతం దాకా దాదాపు అదే ఒంటితో వచ్చాయి, కాబట్టి దొరికితే పట్టే అవకాశాలు ఎక్కువ. మామగారి పాత గ్రిల్‌ను దుకాణంలో మార్పిడికి ఇవ్వమంటారు, ఇవ్వకు.

ప్రశ్న: నా దగ్గర స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. ఇంగ్లండులో 1967లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ 13/60 మోడల్ ముందు భాగం ఒకటి తెలిసినవాళ్ళ ద్వారా దొరికేలా ఉంది. దీనికి పడుతుందా? (తాంబరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఉత్తరం నాకు పండగలా ఉంది. హెరాల్డ్ మన ఊరి కారు. వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీలో 1961 నుంచి తయారైంది. రూపం గీసింది ఇటలీ డిజైనరు జొవాన్ని మికెలొత్తి. నాలుగు తలుపుల హెరాల్డ్ ప్రపంచం మొత్తంలో ఒక్క మద్రాసులోనే తయారైంది. ఇంగ్లండువాళ్ళకు కూడా లేదది.

మొహం మార్చుకోవడానికి ఇంతకంటే అనువైన కారు లేదు. అంబాసిడర్‌లా కాదు, దీనికి కింద విడి చాసిస్ ఉంది. బానెట్, రెండు ఫెండర్లు, హెడ్‌లైట్లు అన్నీ కలిసి ఒకే ముక్క. కీళ్ళు ముందు బంపరు దగ్గర. రెండు పక్కలా కొక్కేలు విప్పి వెనక నుంచి ఎత్తితే మొత్తం ముక్క ముందుకు వాలి, ఇంజను, చక్రాలు, సస్పెన్షన్ అన్నీ కళ్ళెదుట ఉంటాయి. టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. నేను ప్లగ్గులు మార్చడం అలా కూర్చునే నేర్చుకున్నాను.

13/60 ముక్కు అదే కుటుంబంలోని ఆరు సిలిండర్ల విటెస్ ముక్కును చూసి చేసింది. విటెస్‌కు ఏటవాలుగా నాలుగు దీపాలైతే దీనికి రెండు. మొత్తం ముక్కగా మార్చుకోవడమే మంచిది. దాని గ్రిల్ తీసి పాత ముక్కుకు, పాత దీపాలు తీసి కొత్త ముక్కుకు అని కలపకండి. ఎత్తేటప్పుడు ముగ్గురు మనుషులు కావాలి, ఇద్దరు పక్కల పట్టుకుంటే ఒకరు కీలు బోల్టు విప్పాలి. వైర్లను కోయకుండా కనెక్టరు దగ్గరే విడదీసి, ప్రతి వైరుకూ గుడ్డ ప్లాస్టరు చుట్టి పేరు రాయండి. బంపరు, కింద రేకు ఈ రెండు మోడళ్ళకూ వేరువేరుగా ఉంటాయి, అమ్మేవాళ్ళను అవి కూడా అడగండి, లేకపోతే ఇక్కడ దొరకవు. ముందు కీళ్ళ దగ్గర ఎత్తూ, ముందు వెనకలూ సర్దుకునే వీలుంది. తలుపు సందు అక్కడే కుదురుతుంది, సుత్తి అవసరం లేదు.

మద్రాసులో తయారైన పాత ముక్కును షెడ్డు గోడకు రెండు లావు కొయ్య మేకులు కొట్టి, గోనె మెత్తలు వేసి, నిలువుగా వేలాడదీయండి. నేల మీద బోర్లిస్తే దాని బరువుకే అంచులు ఒంగుతాయి. వానాకాలం ముందు లోపలి వైపు ఒకసారి పాత ఇంజనాయిలు రాయండి. ఆ ముక్కు ఎక్కే రోజు నాకొక ఫోటో పంపండి, రెండు ముక్కులూ పక్కపక్కన కనిపించేట్టు.